మూసీ పుట్టినచోటికి

చిన్నపిల్లలను వెంటబెట్టుకొని అడవికి పోవుట తగునా, తగదా? ఈ ప్రశ్నకు మన నగరములలోని పెద్దలు పలువురు తగదనియే బదులు చెప్పుదురు. పిల్లలు నడువలేరు, పదియడుగులు వేసి ఎత్తుకొమ్మందురు, దాహమనుదురు, ముల్లు గ్రుచ్చుకొనునేమో, పురుగు ముట్టునేమో, దారి తప్పుదుమేమో! ఇట్లు వారు చూపు కారణములకు కొదువ లేదు. నా అభిప్రాయము వేరు. నడక వచ్చిన ప్రతి బిడ్డను ఏడాదికి ఒక్కసారియైనను కుటుంబమంతయు కలిసి అడవిబాటను నడిపింపవలెను. హైదరాబాదు పాతబస్తీలో పెరుగు పిల్లలకు ఇది తక్కిన పిల్లలకంటెను అవసరమని నేను తలచుచున్నాను.

కారణము మూసీనది. పాతబస్తీ అనగా 1591వ సంవత్సరమున మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీకి దక్షిణపు గట్టున వెలయించిన నగరము. అంతకు పదుమూడేండ్లకు ముందే, 1578లో, అతని తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఆ నదిపై పురానాపూలు కట్టించియుండెను. నది లేనిదే ఈ నగరము లేదు. కాని నేడు శాలిబండలోనో, హుసేనీ ఆలంలోనో, లాల్‌దర్వాజలోనో పుట్టిన అయిదేండ్ల బిడ్డకు మూసీ అనగా ఏమి? ఆటోలో నయాపూలు దాటునపుడు తల్లి కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొను చోటు. తల్లిని చూచి బిడ్డయు ముక్కు మూసికొనును; వంతెన దాటగానే చేయి తీసివేయును. నగరపు మురుగు వచ్చి చేరుటచే నల్లబడిన ఆ నీటిని చూచి, అది ఎచ్చటనో కొండపై తేటగా పుట్టినదని ఊహించుట పెద్దలకే కష్టము. ఇక పసివాడెట్లు ఊహించును? నది అనగా పెద్ద మోరీ అని అతడనుకొనును. అందులో అతని తప్పేమియు లేదు. మనము చూపినదానినే అతడు చూచినాడు.

ఆ బిడ్డను అనంతగిరికి తీసికొనిపోవలెను.

హైదరాబాదునకు పడమట, డెబ్బది ఎనుబది కిలోమీటర్ల దూరమున, వికారాబాదు పట్టణమునకు చేరువగా అనంతగిరి కొండలు కలవు. అనంతపద్మనాభస్వామి ఆలయము, దాని దిగువను భవనాశి అను కోనేరు, చుట్టును అడవి. కొండగాలి మంచిదని క్షయరోగుల కొరకు పూర్వము అచ్చట ఒక ఆరోగ్యనిలయమును నెలకొల్పిరి. మూసీ ఈ కొండలలోనే పుట్టినది. ముచుకుంద అనునది దాని పౌరాణిక నామము. ముచుకుందుని పేరిట వచ్చినదని స్థలపురాణము. ఇదిగో ఈ బండక్రిందనే నది పుట్టినదని వ్రేలుపెట్టి చూపుట సాధ్యము కాదు. వానలు కురిసినపుడు కొండ యంతయు ఊరును. ఆకులక్రిందనుండి, రాళ్లసందులనుండి సన్నని ధారలు జారి ఒకదానితో నొకటి కలియును. ఆ నీరే తూర్పునకు సాగి, ఉస్మాన్‌సాగరమున నిలిచి, లంగర్‌హౌజ్ చెంత బాపూఘాట్ వద్ద ఈసీనదిని కలిసికొని, నగరము నడుమగా పోయి, సుమారు 240 కిలోమీటర్ల ప్రయాణము ముగించి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో చేరును. భూగోళశాస్త్రమున ఇది రెండు పంక్తుల పాఠము. ఆ పంక్తులను చదువకముందే ఆ ధారలో వ్రేలు ముంచిన బిడ్డ, తరువాత వానిని చదువునపుడు పుస్తకము మూసి కిటికీవైపు చూచును.

మూసీని మోరీ అనుకొనుటవలన మరియొక నష్టమును కలదు. దాని బలమును మరచిపోవుదుము. 1908 సెప్టెంబరు 28వ తేదీన పడమటి కొండలపైనను మైదానములపైనను కురిసిన వానలకు ఈ నదియే పొంగి హైదరాబాదును ముంచెత్తెను. పదునైదు వేలమంది వరకు మరణించిరని అంచనా. ఆనాడు అఫ్జల్‌గంజ్ చెంత నొక చింతచెట్టు పైకెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు నేటికిని ఉన్నది. ఆ వరద తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నదికి ఎగువను జలాశయములు నిర్మించిరి. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. అడవికి పోవుటకు ముందు ఒకనాటి సాయంకాలము పిల్లలను ఆ చింతచెట్టు వద్దకు నడిపించుకొని పోయి దాని కథ చెప్పుట మంచిది. పాతబస్తీనుండి నయాపూలు దాటిన చాలును, ఖర్చేమియు లేదు. ఒక్క చెట్టు నూటయేబదిమందిని మోసినదని విన్న బిడ్డ, వేయి చెట్లున్న చోటికి పోవుదము రమ్మన్నచో నడువలేననడు.

ఇది విదేశీయుల వేడుక అని కొందరనుదురు. అది సరికాదు. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చు ఆచారము. దక్కను ముస్లిము కుటుంబములలో సఫర్ మాసపు చివరి బుధవారమునాడు, ఆఖరీ చహార్‌షంబా అని, పిల్లాపాపలతో తోటలకు పోయి పచ్చికపై నడచు వాడుక ఉండెడిది. ఒకే గల్లీలోని రెండిండ్లవారు వేరువేరు తిథులను, వేరువేరు పేర్లతో చేసినది ఒక్క పనియే: గోడలు విడిచి చెట్లనీడకు పోవుట. ఈ వాడుకలు మనలను విడిచిపోలేదు గాని రూపు మారినవి. నేటి వనభోజనమనగా షామియానా, ధ్వనివర్ధకము, కుర్చీలు, అయిదువందలమందికి వంట. వనము కనబడదు, భోజనము మాత్రము మిగిలినది. అనంతగిరికి కార్లలో పోవువారును కలరు. వారు బాటప్రక్కను బండి నిలిపి, పాటలు మ్రోగించి, ఛాయాచిత్రములు తీసికొని, ప్లాస్టిక్కు సీసాలు అక్కడనే పారవైచి మరలి వత్తురు. అట్టి ప్రయాణముకంటె ఇంటిపట్టున నుండుటయే అడవికి మేలు. నేను చెప్పునది నడకను గురించి.

మనకు జంతుప్రదర్శనశాల లేదా యని అడుగవచ్చును. కలదు. బహదూర్‌పురాలో మీర్‌ఆలం చెరువు చెంత 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల పాతబస్తీకి పెరటితోట వంటిది. దానిని నేను నిందింపను. ఎన్ని తరముల పిల్లలో అక్కడనే ఏనుగును మొదట చూచిరి. అయినను అక్కడ చూడవలసినదేదో ముందుగనే నిర్ణయమై యున్నది. బల్లపై పేరుండును, బల్ల వెనుక జంతువుండును. అడవిలో బల్ల లేదు. కదలినది ఆకా, తొండా, పక్షియా అని బిడ్డ తానే నిలిచి, తానే చెవియొగ్గి తెలిసికొనవలెను. అధికభాగము ఏమియు కనబడదు. ఏమియు కనబడని పది నిమిషములు ఓపికతో నిలిచి, పదునొకండవ నిమిషమున వడ్రంగిపిట్టను చూచిన బిడ్డ సంతోషమును ప్రదర్శనశాల ఈయజాలదు.

స్వీడను దేశమున 1957లో చిన్నపిల్లల కొరకు అడవిబడులు ఆరంభించిరి. అయిదారేండ్ల పిల్లలు వారమున కొన్ని గంటలు అడవిలో తిరుగుచు చెట్లను, పురుగులను, పక్షులను తెలిసికొందురు. ముల్లే యను పేరుగల ఒక కల్పిత వనవాసి కథలు వారికి తోడు. అచ్చటి చలి మన మార్గశిరపు చలికంటె ఎంతో ఎక్కువ. అయినను తల్లిదండ్రులు పంపుచున్నారు. అమెరికాలో రేచెల్ కార్సన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞురాలు అక్క కుమార్తె కొడుకైన పసివానిని వెంటబెట్టుకొని సముద్రతీరమునను అడవిలోను తిరిగి, ఆ అనుభవమును 1956లో ఒక వ్యాసముగా వ్రాసెను. ఆమె చెట్ల పేర్లను, జీవుల పేర్లను ఎరిగిన పండితురాలు. అయినను పసిపిల్లలకు పేర్లు నేర్పుటకంటె వారితో కలిసి ఆశ్చర్యపడుట ముఖ్యమని ఆమె తలచెను. చెట్ల పేర్లు మాకేమి తెలియునని వెనుదీయు తల్లిదండ్రులకు ఇంతకంటె ధైర్యము చెప్పువారెవరు?

కన్నులకును మేలు కలదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున కొన్ని ప్రాథమిక పాఠశాలలలో మొదటితరగతి పిల్లలకు దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడపు ఏర్పాటు చేసి మూడేండ్లు పరిశీలించిరి. ఆ ఫలితములు 2015లో వెలువడినవి. మామూలుగా చదివిన పిల్లలలో నూటికి 39 మందికి పైగా హ్రస్వదృష్టి రాగా, బయట గడపినవారిలో 30 మందికి వచ్చెను. ఏడాదికొక అడవినడకతో ఈ మేలంతయు కలుగునని నేననను. కాని దూరపు వస్తువును చూచు వేడుకను మరిగిన బిడ్డ ప్రతిదినమును బయటికి పోదమనును. ఇరుకు గల్లీలో ఎదురింటి గోడ పది అడుగుల దూరము. చేతిలోని ఫోను ఒక్క అడుగు దూరము. కొండకొమ్మున నిలిచినపుడు చూపునకు అడ్డము లేదు.

ఇక నడచు విధము. ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థులారా, ఇది మీకు చెప్పవలసిన మాట. ఇంటిలో తమ్ముని చేయి, చెల్లెలి చేయి పట్టుకొని నడిపించువారు మీరే. పెద్దలు ముందు నడచుచు మాటలలో పడుదురు, చిన్నవారు వెనుకబడుదురు, నడుమ నుండువారు మీరు. మీరు గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడువగలరు. నాలుగేండ్ల బిడ్డ అడవిబాటలో గంటకు ఒక కిలోమీటరు నడిచినను అది మంచి నడకయే. అతడు చీమలబారు చూచి కూర్చుండును, కూర్చుండనిండు. గులకరాళ్లను జేబునిండ నింపుకొని బరువు మోయలేక ఏడ్చును. మీ జేబులోనికి కొన్ని మార్చుకొనుడు. ఒకే పుల్లను చేతబట్టి గంటసేపు దానిని కత్తియనుచు, గుఱ్ఱమనుచు, వేణువనుచు నడచును. దానిని లాగివేయరాదు. శిఖరము చేరవలెనను పంతము పెద్దలది. బిడ్డకు శిఖరముతో పనిలేదు. అందుచేత ఇంత దూరము పోవుదమని గాక, ఇంతసేపు నడుతుమని ముందే నిర్ణయించుకొనుడు. బిడ్డ అలసినపిమ్మట మరలుట కాదు. ఇంకను ఉత్సాహము సగము మిగిలియుండగనే మరలవలెను. వచ్చిన దారియంతయు తిరిగి నడువవలసియున్నదని బిడ్డ ఎరుగడు, మీరెరుగుదురు. అందరికంటె చిన్నవానిని ముందు నడువనిచ్చి తక్కినవారు వెనుక నడచినచో సగము తగవులు తీరును. అతడే నాయకుడు; నాయకుడు ఎత్తుకొమ్మని అడుగుటకు సిగ్గుపడును.

భోజనము తేలికగా నుండవలెను. అడవి తల్లికి మరియొక వంటిల్లు కారాదు. అటుకులు, సకినాలు, జొన్నరొట్టె, ఉడికించిన గ్రుడ్లు, ఖర్జూరములు చాలును. నీరు మాత్రము బిడ్డకొక లీటరైన నుండవలెను. నాయనమ్మ రాదలచినచో తప్పక తీసికొనిపోవలెను. మోకాళ్ల నొప్పియని ఆమె బాట మొదటనే కూర్చుండిపోయినను నష్టము లేదు. పల్లెలో పెరిగిన ముసలమ్మ చెట్టును చూచి చెప్పు మాటలు ఏ పుస్తకమునను ఉండవు.

ఆమె చూపింపగల చెట్లు అడవినిండ నున్నవి. మోదుగ ఆకులతోనే విస్తళ్లు కుట్టుదురు. మాఘ ఫాల్గునములలో ఆకు రాల్చి ఎఱ్ఱని పూలతో మండుచున్నట్లుండును. తునికి ఆకులలో పొగాకు చుట్టి బీడీలు చేయుదురు. దసరా నాళ్లలో బస్తీలో గంపలతో అమ్ము సీతాఫలములు ఇట్టి గుట్టలపై కాచినవే. తంగేడు పూవును పాతబస్తీ ఆడపిల్లలు బతుకమ్మనాడు అంగడిలో కట్టలుగా చూతురు. అది 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పమైనది. అడవి అంచున అడుగువారు లేక పూచును. టేకు ఆకును అరచేత నలిపినచో ఎఱ్ఱని రంగు అంటును. పిల్లలకు దీనికి మించిన ఇంద్రజాలము లేదు. తాము దినదినము అంగడిలో చూచు వస్తువునకు ఒక తల్లిచెట్టు కలదని తెలియుట సామాన్యమైన సంగతి కాదు. పాలు సంచిలో పుట్టునని నమ్ము పిల్లలున్న కాలమిది.

అపాయములు లేవని నేననను. ఉన్నవి, అయితే వానికి హద్దులున్నవి. అటవీశాఖవారు అనుమతించిన బాటను విడువరాదు. చీకటి పడకముందే దిగిరావలెను. రాతిక్రిందను, ఆకులకుప్పలోను చేయి పెట్టరాదు. పాదములను పూర్తిగా కప్పు బూట్లు తొడుగుకొనవలెను. పాము కరచినచో కట్లు కట్టుచు, కోయుచు, కాలయాపన చేయక బిడ్డను కదలనీయక ఎత్తుకొని ఆసుపత్రికి చేర్పవలెను. విరుగుడు మందు అక్కడ దొరకును, మంత్రములో దొరకదు. కోతులకు తిండి చూపరాదు. తేనెపట్టు కనబడినచో చప్పుడు చేయక దూరముగా పోవలెను. పత్థర్‌గట్టీ అత్తరులు పెండ్లికి ఎంత శోభనిచ్చినను, అడవికి పోవునాడు పూసికొనరాదు. ఘాటైన వాసన తేనెటీగలను రేపవచ్చును. మాఘము మొదలు వైశాఖము వరకు ఆకులు ఎండి రాలియుండును. ఆ దినములలో ఒక్క అగ్గిపుల్ల గుట్టనంతయు కాల్చును. వాన కురియుచున్నపుడు వాగు దాటరాదు. ఇంతకంటె ఎక్కువ అపాయములను మన బిడ్డలు చార్మినారు చెంత రోడ్డు దాటునపుడు ప్రతిదినమును ఎదుర్కొనుచున్నారు. ఆ సంగతి మనకు అలవాటైనది, అంతే భేదము.

దూరము, ధనము లేవను మాటను మాత్రము నేను తేలికగా త్రోసివేయజాలను. గాజుల కొలిమివద్ద, అంగడిలో, ఆటోపై దినకూలికి బ్రతుకు తండ్రికి ఒక దినము పోయినచో ఒక దినపు కూలి పోయినట్లే. నాంపల్లి స్టేషనునుండి వికారాబాదునకు రైలుబండ్లు కలవు, బస్సులును కలవు. అయినను అయిదుగురి కుటుంబమునకు అది ఖర్చే. అట్టివారికి దగ్గరి చోట్లు ఉన్నవి. విజయవాడ మార్గమున, వనస్థలిపురము వద్ద, మహావీర హరిణ వనస్థలి కలదు. నిజాముల వేటభూమియైన ఆ చోటును మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సర సందర్భమున 1975లో జింకల రక్షణకు కేటాయించిరి. వేటాడిన చోటనే కృష్ణజింకలు నేడు మేయుచున్నవి. బస్తీకి మరింత చేరువను పహాడీషరీఫ్ గుట్టలపై కోట్లయేండ్ల నాటి నల్లరాతి గుండ్లు, ఒకదానిపై నొకటి, ఇప్పుడో ఇంకొక క్షణముననో జారిపడునట్లు నిలిచియున్నవి. పాఠశాలలు పూనుకొనినచో ఇంకను మేలు. విహారయాత్ర పేరిట పిల్లలను దూరపు నగరములకు తీసికొనిపోయి అంగళ్లను చూపుటకు బదులు, చిన్న తమ్ములను చెల్లెండ్రను కూడ తీసికొని రమ్మని చెప్పి, ఒక ఆదివారము అనంతగిరికి బస్సు ఏర్పాటు చేయవచ్చును.

తిరిగి వచ్చునపుడు చీకటి పడును. బస్సు ఇమ్లీబన్ చేరును. అక్కడనుండి పాతబస్తీకి పోవలెనన్న నది దాటక తప్పదు. నిదురమత్తులో నున్న బిడ్డ ఆ వాసనకు మేల్కొని, ప్రొద్దున తాను వ్రేలు ముంచిన నీరు ఇదియేనా యని అడుగును. అవునని చెప్పవలెను. అయితే నడుమ ఏమయినదని అతడు మరల అడుగును. ఆ రెండవ ప్రశ్నను తప్పించుకొనుటకు నిదురపొమ్మని జోకొట్టరాదు. ఎవరి ఇంటినుండి, ఏ కాలువగుండ, ఎట్టి నీరు ఆ నదిలో చేరుచున్నదో వంతెన దాటులోపల తెలిసినంతవరకు చెప్పవలెను. తెలియనిదానిని మరునాడు అతనితో కలిసి, మీ గల్లీలోని మోరీ వెంట నడచి తెలిసికొనవచ్చును. ఆ నడకయు ఎక్కువ దూరము కాదు.